సీలు తీసిన డబ్బా

తెలంగాణ వచ్చిన మూడో ఏట, వానాకాలం మొదట్లో, షాద్‌నగర్‌లోని ఒక చిన్న పరికరాల కంపెనీలో నేను సీనియర్ టెస్ట్ ఇంజనీరుని. టీకాల ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రతను నిమిషనిమిషం రాసుకునే డబ్బాలు చేసేవాళ్లం. కేబుల్‌తో కంప్యూటరుకి తగిలిస్తే డబ్బా పెన్‌డ్రైవ్‌లా కనిపించి, రికార్డు చూపాలి.

ఆ రూపం దానంతటది రాదు. డబ్బాలోని లినక్స్ కెర్నెల్, అంటే డబ్బాను నడిపే మూల ప్రోగ్రాం, మెమరీలో ఒక ఫైల్ వ్యవస్థను చూపిస్తుంది. అందులో ఫోల్డరు చేస్తే కంప్యూటరుకి కనిపించే పరికరం పుడుతుంది. లోపల ఇంకో ఫోల్డరు చేస్తే దానికో పని, మాకైతే పెన్‌డ్రైవ్ పని, వస్తుంది. ఆ పనిని లింకుతో పరికరానికి జతచేసి, చివర ఒక ఫైల్లో యూఎస్‌బీ కంట్రోలర్, అంటే కేబుల్‌ను నడిపే చిప్పు, పేరు రాయాలి. ఇదేదీ డిస్కులో ఉండదు. డబ్బా ఆగి మళ్లీ మొదలైతే అంతా మాయమవుతుంది.

నేను చేత్తో టైపు చేసి చూపించాను, పనిచేసింది. ప్రతి స్టార్టుకీ ఇవన్నీ దానంతటదే తిరిగి రాసే చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు, డబ్బాలో పెట్టాలని చెప్పాను. మేనేజరు అందరి ముందూ నవ్వి, "మీకన్నీ అనుమానాలేనండీ. బ్యాటరీ ఉంది, అదెందుకు ఆగుతుంది?" అన్నాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. ఆ మాటే నోటుగా రాసి, అందినట్టు అతని సంతకం తీసుకున్నాను. స్క్రిప్టు నా ల్యాప్‌టాప్‌లో సిద్ధంగానే ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి పెట్టలేదు. డబ్బాలను కంపెనీలో ఒక్కసారి చేత్తో టైపు చేసి, అలాగే పంపించేశారు.

కొన్ని నెలలకు నల్గొండలోని టీకాల స్టోరు నుంచి ఫార్మసిస్టు యాదమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. గాలివానకు ఫ్రిజ్‌కి చాలాసేపు కరెంటు లేదట. అంతకు ముందువారమే డబ్బా బ్యాటరీ మార్చారట, అంటే డబ్బా ఒకసారి ఆగి మళ్లీ మొదలైంది. ఇప్పుడు తగిలిస్తే కంప్యూటర్లో ఏమీ కనిపించడం లేదు. ఉష్ణోగ్రత ఎనిమిది డిగ్రీలు దాటలేదని మధ్యాహ్నంలోగా చూపకపోతే టీకాలన్నీ పారేయాలని మెడికల్ ఆఫీసరు చెప్పాడట.

ల్యాప్‌టాప్ తీసుకుని బస్సెక్కాను. ఉష్ణోగ్రత రాసే ప్రోగ్రాం డబ్బాతోపాటే మొదలవుతుంది కనుక రికార్డు లోపల ఉండాలి. ఉందో లేదో అన్న భయం దారంతా వదల్లేదు. లోపలికి వెళ్లాలంటే మూత తీసి, బోర్డు మీది పిన్నులకు మూడు తీగలు తగిలించాలి. మూతకు సీలు ఉంది.

"సీలు తీస్తే రికార్డు చెల్లదంటరు. తియ్యకపోతే మందు పారబొయ్యాలె," అంది యాదమ్మ. రిజిస్టరు తెరిచి, "తియ్యుండ్రి సారూ. రిజిస్టర్ల నేను రాస్త, సంతకం నాదే," అంది.

తీగలు తగిలించి, ఫోల్డర్లు చేశాను. తొందరలో లింకు చేయకముందే కంట్రోలర్ పేరు రాశాను, కెర్నెల్ తిప్పికొట్టింది. పనేదీ జతకాని పరికరాన్ని అది ఒప్పుకోదు. లింకు చేసి మళ్లీ రాశాను. కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ కనిపించింది. ఉష్ణోగ్రత ఏడు దాటలేదు. మెడికల్ ఆఫీసరు రికార్డునూ, యాదమ్మ రిజిస్టరునూ రెండుసార్లు చదివి ఒప్పుకున్నాడు.

నేను నా నోటు సంగతి, మేనేజరు నవ్వు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. యాదమ్మ అంతా విని, "గంత తెల్సినప్పుడు ముందుగాల్నే డబ్బల ఎందుకు పెట్టలే? మీ ఇద్దరి పంచాయితీల నా టీకాలెందుకు పోవాలె?" అంది. స్క్రిప్టు పెట్టి, మూత బిగించి, డబ్బా స్విచ్చి ఆర్పి, మళ్లీ వేసి, పెన్‌డ్రైవ్ కనిపించాక బయల్దేరాను.

ఆ తర్వాత, కరెంటు తీసి మళ్లీ ఇచ్చి చూడకుండా ఏ పరికరం మీదా నేను సంతకం పెట్టలేదు. మేనేజరు తప్పు ఒప్పుకోలేదు. అది వేరే లెక్క. తెలిసిన జాగ్రత్తను కాగితం మీద రాసి ఊరుకోవడం, ఆ జాగ్రత్త తీసుకున్నట్టు కాదు.