అక్కకు చెప్పిన ఎలుక కథ

కరీంనగర్‌లో ఒక ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకోవడం నా ఉద్యోగం. దాణా వెయ్యడం, నీళ్ల సీసాలు మార్చడం, పంజరాల్లో పాత ఊక తీసి కొత్తది పొయ్యడం. ఇంత చిన్న పనిలోంచి ఎన్ని కథలు అల్లానో. ఒక ఎలుక ప్రిన్సిపాల్ గారి బండి తాళాలు ఎత్తుకుపోయి మానేరు కట్ట మీద షికారు చేసిందంటే, టీ కొట్టు దగ్గర సగం మంది నమ్మారు. మిగిలిన సగం నాకు ఇంకో టీ చెప్పారు.

ఆ గదిలో ఒక పరీక్ష ఉండేది. పొడుగాటి గాజు జాడీలో నీళ్లు పోసి ఎలుకను వదులుతారు. మొదట గోడలు గీరుతూ కాళ్లు కొట్టుకుంటుంది. కాసేపటికి మానేసి, ముక్కు మాత్రం పైకి పెట్టి తేలుతూ ఉండిపోతుంది. అలా కదలకుండా ఉన్న సెకన్లను విద్యార్థులు రాసుకుంటారు. దిగులుకు వాడే మందు ముందే పడిన ఎలుక తొందరగా ఆగిపోదు. మెదడులో సెరటోనిన్ అనేది ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోస్తుందనీ, ఈ మందు దాన్ని వెంటనే వెనక్కి పీల్చుకుపోకుండా ఆపుతుందనీ ఆ పరీక్ష చేయించే మా మేడం చెప్పేది. ఎలుక తేలడం దిగులో, ఓపిక దాచుకోవడమో గట్టిగా చెప్పలేమనేది. ఎలుకలో ఒక్కరోజులో కనిపించేది మనిషిలో కనిపించడానికి వారాలు పడుతుందని కూడా అనేది.

నిర్మల్‌లో మా అక్క బీడీలు చుట్టేది. బావ మస్కట్‌లో ఉండేవాడు. మాట్లాడుతూ, నవ్వుతూ, ఒళ్లో ఆకూ పొగాకూ ఉన్న చాట వైపు చూడకుండానే చుట్టేది. నా కోతలు మొదట వినేదీ, మొదట పట్టుకునేదీ ఆమే. నిరుడు చలికాలంలో ఆ చేతులు ఆగిపోయాయి. ఒక తునికాకు కత్తిరించి ఒళ్లో పెట్టుకుని పొద్దంతా దాన్నే చూసేది. చుట్టాలు దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు. ఏమైందని బావ ఫోన్‌లో అడిగితే ఏం లేదనేది. ఇదీ అని చెప్పడానికి నిజంగానే ఏమీ జరగలేదు.

కరీంనగర్ తీసుకొచ్చి డాక్టరుకు చూపించాను. గోలీలు రాసి నెలకు రమ్మన్నాడు. చీటీ చూస్తే అది మా గదిలో వాడే మందే.

"పిచ్చోళ్ల గోలీలు నాకెందుకు తమ్మీ," అంది అక్క.

బస్టాండ్‌లో నిర్మల్ బస్సు కోసం కూర్చున్నప్పుడు నా పాత విద్య బయటికి తీశాను. తిండి మానేసి మూలకు పడి ఉన్న ఒక ఎలుక, ఈ గోలీ పడ్డ సాయంత్రానికే పంజరంలోంచి దూకి, గదంతా నాలుగు చుట్లు తిరిగి, మా మేడం డబ్బాలో ఉప్మా తినేసిందని చెప్పాను. ఎన్నో నెలల తర్వాత అక్క పెదవి కొంచెం కదిలింది.

"ఒక్క గోలీకేనా?"

"ఒక్కదానికే అక్కా. గంతే."

వారాలు పడుతుందన్న మాట నోటిదాకా వచ్చింది. అది చేరిస్తే కథ చప్పబడుతుంది. మింగేశాను.

తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా వేసుకుంటున్నానంది. నమ్మాను. మా ఇంట్లో అబద్ధాలు నాకొక్కడికే వచ్చనుకునేవాణ్ణి. నెల కావస్తుండగా నిర్మల్ వెళ్లి చూస్తే, ఆరు గోలీలే అయిపోయి ఉన్నాయి.

"నీ ఎలుక ఒక్కదానికే లేశి ఉరికింది," అంది. "నాకు ఆరు ఏసుకున్నా చెయ్యి లేస్తలేదు. గా ఎలుక పాటి కూడ కాకపోతినని బంద్ జేశిన."

అప్పుడు మొత్తం చెప్పాను. అలాంటి ఎలుకే లేదని, ఉప్మా కల్పించానని, వారాలు పడుతుందని మేడం ముందే చెప్పిందని. అక్క శ్రద్ధగా విని నా మొహంలోకి చూసింది.

"గిది గూడ మంచిగనే అల్లినవ్ తమ్మీ."

నా తృప్తి కోసం ఒకటి మింగింది. ఎదురుగా కూర్చుని చూసి, మర్నాడు డ్యూటీకి వచ్చేశాను. ఎనిమిదో రోజు అక్క తన ప్రాణం తానే తీసుకుంది.

బావ మస్కట్ నుంచి వచ్చాడు. పదో రోజు కర్మ అయి అందరూ లేచి వెళ్లాక నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు దవఖానకు తోల్కపోయినవ్ గదా. మందు పని చెయ్యలేదా?"

"చెయ్యలే బావా."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు చెయ్యగలిగిందంతా చేశావని నన్నే ఓదార్చాడు.