వాసన చూసే సిస్టరమ్మ

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. మగ్గం గుంతలో తుప్పుమేకు గుచ్చుకుంటే, దుమ్ము పడకూడదని పాదాన్ని పట్టుగుడ్డతో బిగించి వారం రోజులు విప్పలేదు.

గద్వాల దవాఖానలో కట్లు కట్టే సిస్టరమ్మ ఏ గాయాన్నైనా చూసేముందు వాసన చూసేది. నా కాలి దగ్గర వంగి, ముక్కు ఎగబీల్చింది.

"గాలి సొరని జాగల్నే బతికే క్రిములివి, అన్నా. పట్టుబట్ట కప్పి పెండ్లికొడుకుల లెక్క సాకినవ్!"

"మగ్గం తొక్కే కాలు గదమ్మా. తీసేస్తరా?"

"నోరు మూస్కో. పుండు మూయకు."

డాక్టరు పుండు కోశాడు. ఆమె దాన్ని రోజూ కడుగుతూ, వచ్చినవాళ్లందరికీ నా పట్టుకట్టు కథ చెప్పి నవ్వించేది. కాలు దక్కింది.

తర్వాత ఆమె బిడ్డ పెళ్లికి చీర నేనే నేశాను.

"ఈ పచ్చ ఎంత ముద్దుగుందన్నా! ఏం రంగిది?" అని మురిసిపోయింది.

"నా కాల్లకెల్లి రోజూ నువ్వు తీసిందే సిస్టరమ్మా. చీము రంగు."