జకార్తాలో మెట్టుకు మొక్కాను

ట్రైనింగ్ కోసం జకార్తా వచ్చాక ఈ రోజే సెలవు దొరికింది. ఇంత పెద్ద రాజధానిలో చూడ్డానికేమీ లేదని, ఇక్కడెవరూ నడవరని తోటివాళ్లు అన్నారు. నగరంలోని పాత ఊరిదాకా నడిచే చూస్తానని బయల్దేరాను. చిత్తూరు నుంచి నాయన ఫోన్‌లో ఒకటే పోరు: "తెలీని ఊర్లో నడకేంది పాపా? ఆటో ఎక్కు."

సగం దారికే కాళ్లు లాగేశాయి. రోడ్డు దాటే వంతెన ఎక్కబోతూ, తిరుమలకు నడిచి వెళ్లే అలవాటుకొద్దీ మొదటి మెట్టును తాకి కళ్లకద్దుకున్నాను. వెనకున్న పెద్దామె నాదేదో పడిపోయిందనుకుని, తనూ వంగి వెతకసాగింది.

నవ్వుకుంటూ నాయనకు ఫోన్ చేసి అది చెప్పాను. "ఇంక ఆటో ఎక్కేదా?" అని అడిగాను.

"మెట్టుకు మొక్కినాక మధ్యలో ఆటో యాడ ఎక్కుతావు? నడువు!"

చెప్పు తెగినా చివరిదాకా నడిచాను. మీ ఇంట్లోనూ ఇలా ఒక్క మెట్టుకే మాట మార్చే నాయనలున్నారా?