నేను తల ఊపిన మబ్బు

చిలకలూరిపేట నుంచి గుంటూరు వస్తున్న బస్సులో, ఫోన్‌లో మబ్బుల బొమ్మ చూస్తున్నాను. నక్షత్రం కాబోయి కాలేకపోయిన ఒక గోళం మీది మబ్బులవి. పక్క సీటులోని పెద్దావిడ తొంగిచూసి ఏమిటని అడిగింది.

"ఎక్కడో ఆకాశంలో ఉన్న మబ్బులమ్మా. వీటిలో నీళ్లుండవు, మండే ఇసుక ఉంటుంది. ఇనుము కూడా చినుకులై రాలుతుందట."

"రాలి ఎక్కడ పడుద్ది?"

"అక్కడ నేలే లేదు. కిందికి దిగేకొద్దీ వేడికి మళ్లీ ఆవిరైపోతుంది."

"నేల లేకపోతే ఇంక దిగులేముంది!" అని, కిటికీలోంచి నల్లబడుతున్న ఆకాశం చూపించింది. "మరి ఇది పడుద్దా అయ్యా? కల్లంలో మిరగాయలున్నయ్. పరదా కప్పితే ఉక్కకి రంగు చెడిపోద్ది. తీస్తే తడుస్తయ్."

నేను తల ఊపాను. పడుతుందనా, పడదనా, ఆవిడ ఇబ్బంది అర్థమైందనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడ మాత్రం వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, పరదా తీసెయ్. మబ్బుల సంగతి చదువుకున్న సారు నా పక్కనే ఉన్నాడు. పడదంటన్నాడు."

"అమ్మా, నేనలా..." అంటుండగానే బస్సు ఆగింది. ఆవిడ నా భుజం తట్టి దిగిపోయింది.

గుంటూరులో దిగేసరికి చినుకులు పడుతున్నాయి. ఆవిడ ఊళ్లో పడ్డాయో లేదో తెలియదు. ఊరి పేరైనా అడగలేదు.

ఆ ఇసుక మబ్బుల గురించి క్లాసులో ఇప్పటికీ ఉత్సాహంగానే చెబుతాను. ఎవరైనా కిటికీ వైపు చూసి, "వాన పడుద్దా సార్?" అంటే మాత్రం మెడ బిగబట్టుకుని నిలబడతాను.