శాంత అడిగిన ప్రశ్న

సూరత్‌లోని కోసాడ్‌లో మాది మూడో అంతస్తు. ఆ మంగళవారం మధ్యాహ్నం చీరల మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గరే కూలబడ్డాను. మూడు వారాలుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. వానలో తడిసినందుకేమో అనుకుని మిరియాల కషాయంతో నెట్టుకొస్తున్నాను. ఆ రోజు దగ్గు ఆగలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద రక్తం పడింది.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. సూరత్ వచ్చి ఇరవై రెండేళ్ళు. మా ఆయన మగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. నేను ఇంట్లోనే చీరలకు రాళ్ళు అతికిస్తాను.

మరునాడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. స్పుటమ్ టెస్ట్ అని చిన్న డబ్బాలో కఫం తీసుకున్నారు. రిపోర్టు వచ్చిన రోజు మేం మాట్లాడుకునేది విని, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక లేడీ డాక్టరు తెలుగులోకి మారింది.

“టీబీ అండి. ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోతుంది. ఒక్క రోజు కూడా మానకూడదు.”

“ఇంట్ల పిల్లలున్నరమ్మా. నా కంచం, గిలాస వేరే పెట్టుకోవాల్నా?”

“కంచాలతో అంటుకోదమ్మా. దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుంది. మాస్కు కట్టుకోండి, కిటికీలు తీసి ఉంచండి. కంచం వేరు చెయ్యక్కర్లేదు.”

ఆమె నాకు ధైర్యం చెప్పడానికే అంది. నాకు మాత్రం శాంత గుర్తొచ్చింది.

శాంత మా మరిది భార్య, నా తోటికోడలు. పెళ్ళయి వచ్చినప్పుడు దానికి పందొమ్మిదేళ్ళు. ఒకే గది, ఒకే వంట. మగవాళ్ళు పనికి వెళ్ళగానే చీర నేల మీద పరిచి చెరొక కొసన కూర్చునేవాళ్ళం. వేళ్ళకు అంటుకున్న జిగురు అన్నం తినేటప్పుడూ వదిలేది కాదు. అది పాట ఎత్తుకునేది, నేను అందుకునేదాన్ని. ఆదివారం ప్రార్థనకు పాటలన్నీ అలా పని చేస్తూనే నేర్చుకున్నాం. క్రిస్మస్‌కు గరిజెలు చేస్తే అది పూర్ణం ఎక్కువ పెట్టి అంచులు చిట్లగొట్టేది. చిట్లినవి మేమిద్దరమే తినేసేవాళ్ళం. ఇప్పటికీ ఎండాకాలం మధ్యాహ్నం పూట జిగురు వాసన వస్తే ఆ గది, దాని గొంతు గుర్తొస్తాయి.

అప్పటికి ఎనిమిదేళ్ళ క్రితం శాంతకు టీబీ వచ్చింది. నా పిల్లలు చిన్నవాళ్ళు. దానికి కంచం వేరు చేశాను. పడక బయట బాల్కనీలోకి మార్చాను. అంతటితో ఆగలేదు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం, అందరం తాగే గిన్నె దానికి ఇవ్వొద్దని పాస్టరమ్మ చెవిలో చెప్పాను. గిన్నె శాంతను దాటి నా చేతికి వచ్చింది. శాంత నన్ను చూసింది. లేచి బయటికి వెళ్ళింది. ఆ నెలలోనే మరిది సూరత్ అవతలి కొసనున్న ఇచ్ఛాపూర్‌లో పని వెతుక్కుని కాపురం మార్చేశాడు. తర్వాత మాటల్లేవు. అక్కడే మందులు పూర్తి చేసి కోలుకుందని ఎవరో చెబితే విన్నాను.

ఇప్పుడు అదే జబ్బు నాకు. ఇది దేవుడు వేసిన శిక్షే అని మనసులో గట్టిపడిపోయింది. మందులు మొదలయ్యాక మూత్రం నారింజ రంగులో వచ్చేది. అన్నం చూస్తే వాంతి. రెండో నెలలో మందులు మానేశాను. రోజూ మాత్రలు చేతిలోకి తీసుకుని, మా ఆయన అటు తిరగగానే కొంగులో దాచి, తర్వాత పరుపు కింద పెట్టేదాన్ని. శిక్ష అయితే తప్పించుకోవడం ఎందుకు అనిపించింది. పది రోజులకు జ్వరం మళ్ళీ మొదలైంది. పక్క దులుపుతుంటే మా ఆయనకు మాత్రలు దొరికాయి. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున శాంత మాస్కు కట్టుకుని ఒక్కతే వచ్చింది. కాస్త లావెక్కింది. మంచం అంచున కూర్చుంది.

“గోలీలు ఎందుకు ఆపినవక్కా?”

“నీకు జేసినదానికి దేవుడు గిట్ల జేసిండు, శాంతా. నేను పడాల్సిందే.”

అది నా వైపు జరిగింది.

“మరి నాకెందుకొచ్చిందక్కా? నేనేం పాపం జేసిన?”

ఏడుపొచ్చింది, దాంతో పాటే దగ్గు. అది నా వీపు నిమురుతూ కూర్చుంది.

“నన్ను మాఫ్ జెయ్యి, శాంతా. ఆ గిన్నె సంగతి.”

“ప్రార్థనల క్షమించమన్న మాట వచ్చినప్పుడల్లా నా నోరు ఆగిపోయేది. రెండేండ్లు గట్లనే అయింది. ఆ కోపం మోసుకొని తిరగలేక నేనే అలిసిపోయి, దేవున్నే అడిగిన, నాతోని అయితలేదు, నువ్వే చెయ్యి అని. ఎప్పుడు పోయిందో తెల్వదు, ఒకనాడు చూస్తే కోపం లేదు. జర రా, దవాఖానకు పోదాం.”

డాక్టరమ్మ కోప్పడింది. “ఇలా ఆపితే మందుకు లొంగని టీబీ అవుతుంది, తెలుసా?” ఎల్‌ఎఫ్‌టీ అని లివర్‌కు రక్తం పరీక్ష చేయించింది, మళ్ళీ కఫం పరీక్షకు పంపింది. అదృష్టం, మందులు ఇంకా పనిచేస్తున్నాయని తేలింది. వాంతికి వేరే మాత్ర ఇచ్చింది. శాంత వారం రోజులు ఉండి జావ కాచి పోసింది. వెళ్ళాక రోజూ పొద్దున ఎనిమిదింటికి వీడియో కాల్ చేసేది. “నోరు తెరువు, చూస్త,” అనేది. నాలుక కింద దాచలేదని నమ్మాకే ఫోన్ పెట్టేది.

మందులు పూర్తయి ఏడాది దాటింది. స్పుటమ్ నెగెటివ్. నలభైకి పడిపోయిన బరువు యాభై రెండుకు చేరింది. మెట్లు మాత్రం రెండో అంతస్తులో ఒకసారి ఆగి ఎక్కుతాను. శాంత వాళ్ళు ఇచ్ఛాపూర్‌లోనే ఉంటున్నారు. మా కాపురాలు మళ్ళీ ఒకటి కాలేదు, ఆ పాత మధ్యాహ్నాలు తిరిగి రావు. దానికి నేను కారణమని నాకు తెలుసు. దేవుడు క్షమించాడు, అదీ క్షమించింది. పోయిన ఎనిమిదేళ్ళు మాత్రం పోయినట్టే. అయినా పండగకు వచ్చినప్పుడు పాట అదే ఎత్తుకుంటుంది. నాకు ఊపిరి అందినంత వరకు అందుకుంటాను.

ఈ జబ్బుతో ఉన్నవారికి ఒక్కటే చెబుతాను. మాత్రలు ఒంటరిగా మింగకండి. రోజూ ఒకరి ఎదుట మింగండి. ఇంట్లో ఎవరూ లేకపోతే, మీ మీద కోపంగా ఉన్న మనిషికైనా సరే, ఫోన్ చేసి అడగండి.