రేవులో నేర్చిన ముడి

కెనడాలోని మిల్టన్‌లో మా వరుస ఇళ్లలో, మా గోడకు ఆవలి ఇల్లు కరీంనగర్ నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబానిది. ఆ ఇంటి కోడలు, ఆమె అత్తగారు ఆ ఏడు హజ్ యాత్రకు సిద్ధమయ్యారు. పిల్లలను చూసుకోవడానికి భర్త ఆగిపోయాడు. అత్తగారికి చెవులు సరిగా వినబడవు. అంతకుముందు చలికాలం టొరంటో విమానాశ్రయంలో తప్పిపోయి గంటసేపు దొరకలేదు. లక్షల జనంలో ఆ ముసలమ్మ చెయ్యి జారితే గతి ఏమిటన్నదే కోడలి బెంగ.

యాత్రికులకు ఊళ్లో ఒక భవనం నేలమాళిగలో శిక్షణ తరగతి పెట్టారు. గోదావరి పుష్కరాలలో పన్నెండు రోజులూ స్నానాల రేవులో స్వచ్ఛంద సేవ చేసినవాణ్ణని, కోడలు నన్నూ వెంటబెట్టుకుపోయింది. బోధించినవాడు వారి బృంద నాయకుడు, హైదరాబాదు యువకుడు, వృత్తిరీత్యా ఇంజనీరు. మక్కా దగ్గరి మినాలో సైతాను స్తంభాలమీద రాళ్లు రువ్వే వంతెన పటాన్ని తెరమీద చూపాడు. పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. గుడారాల వారీగా వేళలు కేటాయిస్తారు. రొమ్ముకు చేతులు అడ్డుపెట్టుకోవాలి. కిందపడిన వస్తువు కోసం వంగకూడదు. ఇవన్నీ చెప్పి, ఒకరినొకరు బట్టతో గాని తాడుతో గాని కట్టుకోవద్దని చివర ప్రత్యేకంగా హెచ్చరించాడు. ఒకరు పడితే రెండోవారు కూడా పడతారన్నాడు.

తిరుగుదారిలో కోడలు కారు నడుపుతూ అడిగింది. "కట్టుకోవద్దన్నడు గద సార్. మీరేమంటరు?"

"అమ్మా, అతడు తెరమీద చూశాడు. నేను మెట్లమీద చూశాను. కొంగులు ముడివేసుకుని వచ్చినవారెవరూ మా రేవులో తప్పిపోలేదు."

ఆ మాట అన్న క్షణాన నాలో పలికింది అనుభవమా, అహంకారమా అని విచారించుకోలేదు. ఆ సాయంత్రమే వారి వంటింట్లో నిలబడి అత్తాకోడళ్ల చున్నీల కొసలు కలిపి, పడవలవాళ్లు మాకు నేర్పిన రెండు పేటల ముడి వేసి చూపాను. బట్ట తడిపి బిగించాలి, ఆరిందంటే రాయి అవుతుందన్నాను.

ముసలమ్మ నవ్వింది. "మీ పెండ్లిళ్లల్ల కట్టినట్టు కడుతున్నవేంది పంతులూ. నన్ను నా కోడలికిచ్చి చేస్తున్నవా?"

బక్రీదు ఉదయం తొమ్మిది గంటలకు భర్త సేమ్యాపాల షీర్‌ఖుర్మా తాగడానికి నన్ను పిలిచాడు. అక్కడ అప్పటికి సాయంత్రం నాలుగు. వారి బృందం రాళ్లు రువ్వడానికి బయలుదేరింది. గిన్నె నా చేతికి అందేసరికి, యాత్రికుల ఇళ్లవాళ్లందరికీ బృందం నాయకుడు పంపిన గొంతు సందేశం భర్త ఫోనులో వినబడింది. ముందున్నవాళ్లు ఆగిపోయారు, వెనకనుంచి మరో గుంపు వస్తోంది, దయచేసి ఎవరూ వెనుదిరగవద్దు అని మూడు ముక్కలు ఉర్దూలో చెప్పి ఆగిపోయాడు. ఆ మాటల వెనక వినిపించిన హోరు నేనెరిగినదే. మెట్లమీద జనం బిగుసుకున్నప్పుడు వచ్చే శబ్దమది. అరుపులు కావు, మూలుగు కాదు. వేలమంది ఒక్కసారిగా ఊపిరి పట్టిన చప్పుడు.

గిన్నె బల్లమీద పెట్టాను.

"బాబూ, వాళ్లిద్దరినీ కట్టి పంపింది నేను."

"ఏం కట్టిన్రు అంకుల్?"

చెప్పాను. అతడు వెంటనే భార్యకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు.

"పికప్ చేస్తలేదు. బ్యాగుల పెట్టుకుంటది." నాయకుడికి చేశాడు, అదీ అంతే. ముడి విప్పెయ్యమని ఇద్దరికీ సందేశం పంపి నా వైపు తిరిగాడు. "ఇబ్బందైతే ఆమెనే ఇప్పేస్తది లెండి."

"ఊడదు బాబూ. ఊడకుండా వేయడమే నేర్పాను."

అతడు కుర్చీలో కూర్చున్నాడు. పెద్దపిల్ల మెట్లమీదనుంచి తొంగిచూసి, ఏమైందని ఇంగ్లీషులో అడిగింది. ఏం లేదు, పైకి పొమ్మన్నాడు. షీర్‌ఖుర్మామీద మీగడ కట్టింది. పన్నెండు రోజులు నేను కాపలా కాసిన రేవు వెడల్పయినది, నీళ్లవైపు తెరిచి ఉన్నది. ఇరువైపులా గోడలున్న దారిలో ఆ విద్య పనికివస్తుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వద్దని చెప్పినవాణ్ణి నేనే కాదన్నాను.

నలభై నిమిషాలకు ఫోను మోగింది. అతడు వింటూ కళ్లు మూసుకున్నాడు. "ఇద్దరూ మంచిగున్నరు" అని, ఫోను నా చేతికిచ్చాడు. "మీతోని మాట్లాడుతదట."

"సార్, మీ ముడి మస్తు గట్టిది." గొంతు బొంగురుపోయింది. "అత్తమ్మ చెప్పు జారింది. వద్దన్నా వంగింది. నా మెడ ఎనకకు గుంజుకుపోయింది. గోళ్లతోని రాలే, పండ్లతోని రాలే."

"మరి?"

"రాళ్లు రువ్వి, కుర్బానీ అయినంక జుట్టు కొస కత్తిరించుకోవాలె గద. దానికని నడుంసంచిల చిన్న కత్తెర పెట్టుకున్న. దాంతోని చున్నీ కోసిన. పక్కనున్న నైజీరియా ఆమె అత్తమ్మను నడుం పట్టి లేపింది."

"మీ అత్తగారేం చేస్తున్నారమ్మా?"

"చెప్పు పోయిందని నన్ను తిడుతున్నది."

తిరిగివచ్చాక ఖర్జూరాలతో పాటు కోసిన చున్నీముక్కను తెచ్చి ఇచ్చింది. ముడి అలాగే ఉంది. నిందించడానికి ఇచ్చిందనుకోను. నాదని ఇచ్చింది.

మరుసటి ఏడు శిక్షణ తరగతికి పిలవకుండానే వెళ్లి, ఆ ఇంజనీరును అయిదు నిమిషాలు అడిగి పుచ్చుకున్నాను. ముడిని ముందువరుసలోని స్త్రీలకిచ్చి విప్పమన్నాను. చేతులు మారుతూ వెనకవరుస దాకా పోయి అది నా దగ్గరికే వచ్చింది.

"ఇంత పిచ్చిముడి ఎవరు కట్టిన్రు సార్?" అని ఒకామె నవ్వుతూ అడిగింది.

"నేనే కట్టించానమ్మా," అన్నాను. "ఈయన వద్దన్నాక."