రాజేశ్వరి మేడమ్‌కు టైమ్ ఎందుకు కావాలంటే

శనివారం తెల్ల యూనిఫాం. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి వరండాలో కూర్చుని కాన్వాస్ బూట్లకు తెల్ల పాలిష్ పూస్తుంది. తడి సున్నం లాంటి ఆ వాసన వంటింట్లోకి రాగానే కూర కలుపుతున్న నా చెయ్యి ఒక క్షణం ఆగిపోతుంది. నేత చీర కుచ్చెళ్ల కింద తెల్ల బూట్లు వేసుకుని, బడి గ్రౌండ్ చుట్టూ నిదానంగా నడిచే మనిషి కళ్లముందు కదులుతుంది. ఆమె మా హెడ్మిస్ట్రెస్ రాజేశ్వరి మేడమ్.

భద్రాచలం దాటి అడవి దట్టమయ్యే చోట ఉంది మా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. నేను అక్కడికి లెక్కల టీచరుగా బదిలీ అయ్యేనాటికి మా ఇద్దరు పిల్లలూ చిన్నవాళ్లు. కాపురం సారపాకలో. మా ఆయన మిల్లులో కాంట్రాక్టు పనికి షిఫ్టుల మీద వెళ్లేవారు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. నలుగురికీ వండి, సర్ది, గోదావరి వంతెన దాటే బస్సు అందుకునేసరికి నేను తినడానికి టైమ్ మిగిలేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలు కంచంలో వదిలేసినదే నిలబడి తినేదాన్ని. అందులో బాధపడాల్సింది ఏదైనా ఉందని నాకు తోచలేదు. మా అమ్మా అలాగే తినేది.

చేరిన వారానికే మేడమ్ పిలిచి అడిగారు. "పొద్దున ఏం తిని వచ్చినవ్, పద్మా?"

"టైమ్ దొరకలే మేడమ్."

"దొరకదు. పెట్టుకోవాలె," అని తన డబ్బా నా వైపు జరిపారు. జొన్నరొట్టె, తోటకూర. నేను మొహమాటపడుతుంటే ఫైలు చూస్తూ కూర్చున్నారు గాని, డబ్బా మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ వానాకాలంలో ఒకరోజు పరీక్ష పేపర్ల కట్ట పట్టుకుని మెట్లెక్కుతూ పడిపోయాను. కళ్లు తెరిచేసరికి భద్రాచలం దవాఖానాలో ఉన్నాను. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని, బీపీ కూడా సరిగా లేదని డాక్టరమ్మ చెప్పింది. మంచం పక్క స్టూలు మీద మేడమ్ కూర్చుని ఉన్నారు. ఆమె కొంగు పట్టుకుని పాతికేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. రెండు జడలు, చేతినిండా గాజులు. నా సెలైన్ సీసాలో రాలే చుక్కలనే చూస్తోంది.

"మా బిడ్డ, సుజి," అన్నారు మేడమ్. "ఒళ్లు పెరిగింది గానీ మనసు చిన్నపిల్లదే. ఆయన పోయినంక మేమిద్దరమే."

ఆమే చెప్పుకొచ్చారు. "మా నాయిన కొత్తగూడెంల బొగ్గుబాయి పని చేసిండు. ఒంటిని ఎన్నడు పట్టించుకోలే. దగ్గుతనే డ్యూటీకి పోయిండు, దగ్గుతనే పోయిండు. నేను గూడ గట్లనే ఉండేదాన్ని. ఓసారి షుగరని తెలిసింది. ఆ రోజు ఇంటికి పోతే సుజి గ్యాస్ పొయ్యి దగ్గర కూసొని ఉంది, నేను వచ్చి వెలిగిస్తనని. పొయ్యి వెలిగించుడు దీనికి నేర్పనీకి రెండేండ్లు పట్టింది, పద్మా. ఇంకా బియ్యం కడుగుడు, బస్సెక్కుడు, పైసలు లెక్కపెట్టుడు ఉన్నయ్. ఒక్కొక్కటి ఎంతకాలం పడ్తదో! అందుకే నాకు టైమ్ కావాలె. నడిచేది గందుకే. తినేది గందుకే."

చావంటే భయం గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. చెయ్యాల్సిన పని మిగిలి ఉన్నవాళ్లు మాట్లాడినట్టే మాట్లాడారు.

కోలుకున్నాక సాయంత్రం బడి వదలగానే వాళ్లిద్దరితో గ్రౌండ్‌లో నడవడం మొదలుపెట్టాను. ఇంటికి ఒక బస్సు ఆలస్యంగా చేరుతున్నానని అత్తమ్మకు కోపం వచ్చింది. "ఇంట్ల నడుసుడు చాలదా? మళ్ల గ్రౌండ్ల గూడ నడవాల్నా?" అంది. మా ఆయన మాత్రం పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో నేను వచ్చేలోపు కుక్కరు పెట్టి ఉంచడం అలవాటు చేసుకున్నారు. మొదట్లో అన్నం ముద్దయ్యేది. పిల్లలు నవ్వుకుంటూ తినేవారు.

అయినా నా మనసు పూర్తిగా కుదురుకోలేదు. "మీకు సుజి ఉంది మేడమ్. నాకు గంత పెద్ద కారణం ఏముంది? పిల్లల కోసం అనుకుంటే వాళ్ల పనే ముందట కనపడ్తది, మళ్ల నడక ఆగిపోతది," అన్నాను ఒకరోజు.

"నా కారణం నీకెందుకు? నీది నువ్వు ఎతుక్కో," అన్నారామె. "పెద్దదే ఉండాలని ఏం లేదు."

అది దొరికింది కూడా ఆ గ్రౌండ్‌లోనే. ఒక సాయంత్రం ఖోఖో ఆడుతున్న పిల్లలకు ఒక మనిషి తక్కువైంది. "మీరు రాండ్రి టీచర్," అని చెయ్యి పట్టుకుని లాగారు. కొంగు నడుముకు దోపి కూర్చున్నాను. వీపు మీద చెయ్యి పడి "ఖో!" అని వినపడగానే లేచి ఉరికాను. వైరా దగ్గర మా ఊళ్లో, కాలువ గట్టు మీద అన్నలకంటే ముందు ఉరికిన పిల్ల నాలో ఇంకా ఉందని ఆ నాలుగు అడుగుల్లో తెలిసింది. ఎవరినీ పట్టుకోలేకపోయాను. ఊపిరందక గడ్డిలో కూలబడి నవ్వుతూనే ఉన్నాను. సుజి చప్పట్లు కొడుతోంది.

"నాకు ఉరుకుడంటే ఇష్టం మేడమ్. పెండ్లైనంక మర్చిపోయిన," అన్నాను.

"అవ్, గది మంచి కారణం. ఎవలికి సంజాయిషీ చెప్పే పని లేదు," అన్నారామె, నా వెంట్రుకల్లోంచి గడ్డిపరక తీస్తూ.

ఆ ఏడాది చివరికి నాకు రక్తం పెరిగింది. కూర్చుని తినడం అలవాటైంది. అత్తమ్మ ఒకరోజు చెప్పుల్లో కాళ్లు దూర్చి, "నన్ను గూడ ఆ మూలదాక తీస్కపో పిల్లా. కీళ్లు పట్టేసినయ్," అంది. ఆమె చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి తెచ్చాను. దారిపొడుగునా నన్ను తిడుతూనే ఉంది, కానీ మర్నాడు నాకంటే ముందే తయారైంది.

మేడమ్ రిటైరై కొత్తగూడెం వెళ్లిపోయారు. పోయినేడు ఆమెకు విషజ్వరమని తెలిసి చూడబోయాను. తలుపు తీసింది సుజి. నన్ను కూర్చోబెట్టి లోపలికి వెళ్లి, గిన్నెలో వేడివేడి జావ తెచ్చి తల్లికి అందించింది. "నేనే చేసిన," అంది నా వైపు తిరిగి. మేడమ్ ఒక గుటక మింగి కళ్లు మూసుకున్నారు. ఉప్పు రెండుసార్లు పడింది. సుజి ముఖం చిన్నబోయింది.

"ఏం గాదు బిడ్డా. మళ్ల మొదటి నుంచి చేద్దాం," అంటూ గోడ పట్టుకుని లేచారు మేడమ్. ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. "ముందుగాల నీళ్లు..." అని ఆమె నీరసంగా, ఏ విసుగూ లేకుండా చెబుతుంటే నేను బయట కూర్చుని విన్నాను. రెండోసారి జావ బాగా కుదిరింది. మేడమ్ గిన్నె ఖాళీ చేశారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు. సుజికి బస్సెక్కడం నేర్పుతున్నారట.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నవాటిలో నాకు ఎక్కువగా పనికొస్తున్నది ఆ వంటింటి గొంతే. ఇంట్లో ఎవరికో జ్వరం, బడిలో పరీక్షలు, మా ఆయనకు షిఫ్టు మార్పు. ఏదో ఒకటి వచ్చి నా నడక ఆగిపోతూనే ఉంటుంది. అలా ఆగినప్పుడల్లా ఒకప్పుడు నన్ను నేను తిట్టుకుని, అంతటితో వదిలేసేదాన్ని. ఇప్పుడు తిట్టుకోను. పిల్లల జ్వరాలతో చాలా రోజులు గ్రౌండ్ మొహమే చూడలేదు. ఈ సాయంత్రం వెళ్లి ఒక్క చుట్టు తిరిగాను. ఆయాసం వచ్చింది. కాసేపు గ్రౌండ్ పక్క గట్టు మీద కూర్చుని, ఇంకో చుట్టు తిరగడానికి లేచాను.